కాలు కింద పెట్టని రెండేళ్ళు

ఆ వీధిలో ఆమెను అందరూ టైలరమ్మ అనేవాళ్ళు. చిరాకొస్తే కన్నకూతురు కూడా అలాగే పిలిచేది. మూడో అంతస్తులో రెండు గదుల కాపురం, కింద వీధివైపు ఒక గదిలో కుట్టుషాపు. లిఫ్టు లేని పాత మేడ అది. మెట్లు యాభై నాలుగు. పొద్దున దిగేది, మధ్యాహ్నం భోజనానికి ఎక్కేది, మళ్ళీ దిగేది, దీపాలు పెట్టాక ఎక్కేది. కత్తెర మర్చిపోయాననో, కళ్ళజోడు మర్చిపోయాననో మధ్యలో ఇంకో రెండుసార్లు. డెబ్భై ఏళ్ళ వయసులోనూ రెయిలింగు ముట్టుకునేది కాదు. "ఈ మతిమరుపే లేకపోతే ఈపాటికి గుమ్మడికాయలా తయారయ్యేదాన్ని" అని నవ్వేది.

కూతురికి అయిదేళ్ళప్పుడు టైలరమ్మ భర్త పోయాడు. అప్పటినుంచి కాలి మిషను తొక్కే బతుకు. స్కూలు యూనిఫారాలు, కర్టెన్లు, పాంట్ల బిగింపులు, వదులులు, తెగిన జిప్పులు, ఏది వచ్చినా కాదనేది కాదు. ఆ మిషను తొక్కే కూతుర్ని చదివించింది. కూతురు మందుల షాపులో ఉద్యోగానికి కుదిరింది. ఎలక్ట్రీషియన్ని పెళ్ళి చేసుకుని అమ్మ దగ్గరే ఉండిపోయింది. అల్లుడు మాటకారి. అత్తగారంటే ప్రాణం పెట్టేవాడు.

అంతలో మహమ్మారి వచ్చింది. వీధులు మూతపడ్డాయి. అల్లుడికి పనులు ఆగిపోయాయి. కుట్టుషాపు షట్టరు కిందికి దిగింది. మందుల షాపు మాత్రం ఎలా మూస్తారు? కూతురు రోజూ వెళ్ళాల్సిందే. కౌంటరుకు అవతల ఎవరో ఒకరు దగ్గుతూనే ఉండేవారు. సాయంత్రం ఇంటికొచ్చి గుమ్మం బయటే చెప్పులు విడిచి, నేరుగా స్నానాల గదిలోకి వెళ్ళిపోయేది. తలుపు సందులోంచి అమ్మను చూసి, బాగానే ఉందని నిశ్చయించుకున్నాకే అన్నం ముందు కూర్చునేది.

మొదటి నెలలోనే కింది అంతస్తు పెద్దాయన్ను తీసుకెళ్ళారు. నడుచుకుంటూ వెళ్ళి వాహనం ఎక్కిన మనిషి తిరిగి రాలేదు. ఆ రోజు కూతురు అమ్మ గది గుమ్మంలో నిలబడి, లోపలికి అడుగు పెట్టకుండానే అంది:

"అమ్మా, నువ్వు గుమ్మం దాటావంటే నా మీద ఒట్టే."

"ఊరికే కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుందే."

"పిచ్చెక్కితే మందుంది. దీనికి లేదు."

టైలరమ్మ షాపు తాళంచెవి మేకుకు తగిలించేసింది.

ఊరికే కూర్చోబెట్టకూడదని అల్లుడే ఉపాయం ఆలోచించాడు. మిషను పైకి తెద్దామన్నాడు. దాని ఇనప స్టాండు మూడంతస్తులు మోయడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, సాయం పిలవడానికి మనుషులు లేరు. అందుకని తల భాగం మాత్రం విప్పి, గుడ్డలో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు పైకి తెచ్చాడు. బల్ల మీద బిగించి, తన దగ్గరున్న చిన్న మోటారొకటి అమర్చాడు. కింద అరచేయంత పెడలు. బొటనవేలితో తాకితే చాలు, మిషను గిర్రున తిరిగేది.

"ఎలా ఉంది అత్తయ్యా?"

"తొక్కకుండానే పరిగెడుతోంది నాయనా. గుర్రం ఎక్కినట్టుంది."

అల్లుడి మొహం చేటంత అయింది.

ఆ మోటారు మీద ఆమె మాస్కులు కుట్టింది. మూతిగుడ్డలు అనేది వాటిని. మొదట మేడలో వాళ్ళకి, తర్వాత మందుల షాపుకి, తర్వాత పారిశుద్ధ్యం వాళ్ళకి. పొద్దున కుర్చీలో కూర్చుంటే సాయంత్రానికి నూటయాభై. అందరూ మెచ్చుకున్నారు. కిటికీలోంచి చప్పట్లు కూడా కొట్టారోసారి. ఇంట్లో వాళ్ళయితే ఆమెను అరచేతుల్లో పెట్టుకుని చూసుకున్నారు. పూచికపుల్ల ముట్టుకోనివ్వలేదు. కుర్చీకి ఎడమపక్క మంచినీళ్ళ సీసా, కుడిపక్క టీ ఫ్లాస్కు, ఎదురుగా దారపు రీళ్ళు. లైటు వేయడానికి లేవాల్సి వస్తోందని అల్లుడు స్విచ్చును వైరుతో సహా లాక్కొచ్చి బల్ల అంచుకు బిగించాడు. కింద పడిన గుండుసూదులు ఏరుకోవడానికి వంగుతోందని అయస్కాంతం కట్టిన కర్ర తయారుచేశాడు. టీకా వేసేవాళ్ళు కూడా మేడకే వచ్చి, గదిలోనే వేసి వెళ్ళారు.

అలా ఒక ఏడాది గడిచింది. తగ్గిందనుకున్నది మళ్ళీ విజృంభించింది. ఇంకో ఏడాది గడిచింది.

మార్పును మొట్టమొదట పట్టుకున్నది టైలరమ్మే, టేపుతో. తన కొలతలు తనకు కంఠతా. ఒకరోజు పాత పైజమా తొడుక్కుంటే నడుము దగ్గర బిగిసింది, తొడల దగ్గర జారిపోయింది. అనుమానమొచ్చి టేపు చుట్టింది. నడుము రెండంగుళాలు పెరిగింది. తొడ రెండంగుళాలు తగ్గింది. ఇన్నేళ్ళ కుట్టుపనిలో ఒకే మనిషికి ఇలా పొంతన లేని కొలతలు ఆమె చూడలేదు. నడుము వదులు చేసుకుని, కాళ్ళు బిగించుకుని, ఎవరికీ చెప్పకుండా ఊరుకుంది.

ఇంకా కొన్ని సంగతులు దాచింది. కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవాల్సి వస్తోంది. స్నానాల గదిలో పీట మీదనుంచి లేవడానికి కుళాయి పట్టుకుంటోంది. గదిలోంచి వంటింట్లోకి వెళ్ళేసరికి ఆయాసం వస్తోంది. వయసు మీదపడితే అంతేలే అనుకుంది. ఆకలి మందగించింది. రెండు బ్రెడ్డు ముక్కలు టీలో ముంచుకుని పూట గడిపేసేది. కూతురు ఆలస్యంగా వచ్చేది కాబట్టి ఆ సంగతీ బయటపడలేదు.

ఎట్టకేలకు షాపులన్నీ తెరిచారు. ఒక ఉదయం కూతురు ఉద్యోగానికి వెళ్ళాక, అల్లుడు వైరింగు పనికి వెళ్ళాక, టైలరమ్మ తాళంచెవి పిడికిట్లో పట్టుకుని గుమ్మం దాటింది. ఎవరికీ చెప్పలేదు. షట్టరు తెరిచి, దుమ్ము దులిపి, సాయంత్రం వాళ్ళు వీధి మలుపు తిరిగేసరికి షాపులో కూర్చుని కనిపించాలని ఆమె సరదా.

తొమ్మిది మెట్లు బాగానే దిగింది. పదో మెట్టు మీద కుడి మోకాలు వణికింది. పదకొండో మెట్టు దగ్గర కాలు తనది కాదన్నట్టు మడుచుకుపోయింది. రెయిలింగు దొరకబుచ్చుకుంది కాబట్టి పడలేదు, జారి కూర్చుండిపోయింది. దెబ్బ తగల్లేదు. లేద్దామని చూసింది. చేతులు లేపుతున్నాయి గానీ కాళ్ళు ఒప్పుకోవడం లేదు. ఇంకోసారి చూసింది. ఇంకోసారి. కేకేస్తే రెండో అంతస్తు వాళ్ళు పరిగెత్తుకొచ్చేవాళ్ళే. కానీ నోరు రాలేదు. రోజుకు ఆరుసార్లు ఎక్కి దిగిన మెట్ల మీద, లేపండి అని ఎవర్ని అడుగుతుంది?

అలా మూడు గంటలు కూర్చుంది. మధ్యలో రెండో అంతస్తు ఇల్లాలు చెత్తబుట్టతో పైకి చూసి, "ఏంటి టైలరమ్మా, గాలికి కూర్చున్నారా?" అంది. "అవునమ్మా, లోపల ఉక్కగా ఉంది" అంది టైలరమ్మ, నవ్వు మొహం పెట్టి.

ఆ రోజు పని తొందరగా ముగిసి మధ్యాహ్నమే భోజనానికొచ్చిన అల్లుడు చూశాడు. చేతిలో వైరు చుట్ట అక్కడే పడేసి, వీపు చూపించి కింద కూర్చున్నాడు. ఆమె అతని మెడచుట్టూ చేతులు వేసింది. పదకొండు మెట్లూ మోసుకొచ్చి మంచం మీద దించాక, ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

సాయంత్రం కూతురికి తెలిసింది. ఆమె భయమంతా కోపంగా బయటికొచ్చింది.

"దిగొద్దని చెప్పానా లేదా? ఎన్నిసార్లు చెప్పాను? అందుకే చెప్పేది!"

టైలరమ్మ గోడవైపునుంచి తిరగకుండానే అంది. "దిగకే ఇలా అయ్యానే."

కూతురు వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడ్చింది.

మూడో రోజు ముగ్గురూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఎముకలు బాగానే ఉన్నాయన్నాడు. కీళ్ళు వయసుకు తగ్గట్టు అరిగాయి, అంతకంటే ఏం లేదన్నాడు. "వాడకపోతే కండ కరిగిపోతుందమ్మా. మీ వయసులో తొందరగా కరుగుతుంది, మెల్లగా తిరిగొస్తుంది. మీరొక్కరే కాదు, ఈ రెండేళ్ళూ ఇంట్లో కూర్చున్న పెద్దవాళ్ళు నా దగ్గరికి రోజుకు పదిమంది వస్తున్నారు." మందులేం రాయలేదు. ఒక ఫిజియోథెరపీ ఆమెను ఇంటికి పంపిస్తానన్నాడు.

వచ్చినామె ముప్పై ఏళ్ళ మనిషి, గలగలా మాట్లాడే రకం. వస్తూనే చేతుల్లేని కుర్చీ ఒకటి గోడకు ఆనించి వేసింది.

"చేతులు ఛాతీ మీద కట్టుకోండి. ముప్పై సెకన్లు. ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో చూద్దాం. పట్టుకోకూడదు."

"నీ చొక్కా ఎడమ భుజం జారుతోంది అమ్మాయ్. ఎవరు కుట్టారు?"

"ముందు లేవండి, తర్వాత చెప్తా."

టైలరమ్మ ముందుకు వంగింది. ఊగింది. పళ్ళు బిగించింది. ఒక్కసారి లేచింది. రెండోసారి సగం లేచి దబ్బున కూర్చుంది. గడియారం చూస్తున్న ఫిజియో ఆమె పుస్తకంలో ఒకటి అని రాసుకుంది.

"మామూలుగా ఎన్ని రావాలేంటి?"

"మీ వయసుకి పదైనా రావాలమ్మా. వస్తాయి. తొందరేం లేదు." తర్వాత గదంతా కలియజూసింది. సీసా, ఫ్లాస్కు, బల్ల అంచున స్విచ్చు, అయస్కాంతం కర్ర. "మిమ్మల్ని ఎవరో బాగా ప్రేమగా చూసుకున్నట్టున్నారే!"

గుమ్మంలో నిలబడ్డ అల్లుడు తల దించుకున్నాడు. ఆమె వెళ్ళిపోయాక స్క్రూడ్రైవరు తెచ్చి, మిషను ముందు గొంతుక్కూర్చుని మోటారు విప్పబోయాడు.

"ఏం చేస్తున్నావు నాయనా?"

"ఇది నేనే పెట్టాను అత్తయ్యా. ఆ స్విచ్చూ నేనే. మీ కాళ్ళు నేనే..."

"ఛ, ఊరుకో. నువ్వు పెట్టకపోతే ఆ మూతిగుడ్డలన్నీ ఎవరు కుట్టేవారు? మోటారు అక్కడే ఉండనీ. నన్ను మాత్రం లేవనీ." బల్ల అంచు చూపించింది. "ఆ స్విచ్చు మాత్రం తీసేయ్. లైటు నేను లేచి వేసుకుంటాను."

ఫిజియో ఆమె వారానికి రెండుసార్లు వచ్చేది. రెండోసారి వచ్చినప్పుడు అడిగింది: "కాళ్ళకు బలం వస్తే మొట్టమొదట ఎక్కడికి వెళ్ళాలనుంది?" షాపుకి అంటుందనుకున్నారు ఇంట్లోవాళ్ళు.

"మా అక్క దగ్గరికి" అంది టైలరమ్మ.

అక్క రెండు వీధుల అవతల, ఎత్తు మీద, కొడుకు దగ్గర ఉండేది. డెబ్భై ఎనిమిదేళ్ళు. మనిషి చూపుకు అందేంత దూరంలోనే ఉన్నా రెండేళ్ళుగా ఫోనులోనే పలకరింపు. అక్కకు చెముడు. ఈమె మోకాళ్ళ గురించి చెప్తే ఆమె పక్కింటి పిల్లి గురించి చెప్పేది. అరగంట మాట్లాడుకున్నాక ఇద్దరికీ అవతలివాళ్ళ సంగతేమీ తెలిసేది కాదు.

"సరే, అక్కే మన మందు" అంది ఫిజియో ఆమె. ఒక కాగితం తీసి రాయడం మొదలుపెట్టింది. రోజుకు మూడుసార్లు, లేచి కూర్చోవడం అయిదేసి సార్లు. వంటింటి గట్టు పట్టుకుని మడమలెత్తడం. ఒంటికాలి మీద నిలబడటం, పది లెక్కపెట్టేదాకా. పూటకో గుడ్డు, లేకపోతే ఉడికించిన గింజలు. టీలో బ్రెడ్డు భోజనం కిందకు రాదు. ఆ కాగితం తల్లికి ఇచ్చి, ఇంకో కాగితం కూతురి చేతిలో పెట్టింది. దాని మీద ఒక్కటే ఉంది: అమ్మకు మంచినీళ్ళు తెచ్చి ఇవ్వకూడదు.

తల్లి కష్టం కళ్ళకు కనిపించేది. కూతురిది కనిపించేది కాదు. మంచినీళ్ళ సీసా వంటింట్లోకి మారింది. టైలరమ్మ లేవాలి, బల్ల వదలాలి, గోడ వదలాలి, పదహారడుగులు వెయ్యాలి, గ్లాసు నింపుకుని రావాలి. మొదటివారం ప్రతి గ్లాసూ సగం దారిలో ఒలికేది. కూతురు మంచం మీద కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, పెదవి కొరుక్కుంటూ చూసేది.

"అలా చూడకు. నువ్వు చూస్తుంటే నాకు పడిపోవాలనిపిస్తోంది" అనేది తల్లి.

"నేనేం చూడట్లేదు."

"గోడవైపు తిరిగి చెప్పు ఆ మాట."

మూడో వారానికి ముప్పై సెకన్లలో నాలుగు వచ్చాయి. ఆరో వారానికి ఏడు. ఆ తర్వాత జలుబూ దగ్గూ పట్టుకుని ఎనిమిది రోజులు మంచం దిగలేదు. మళ్ళీ కుర్చీలో కూర్చుని లేస్తే మూడు. ఆ రోజు టైలరమ్మ పిల్లలు ఏడ్చినట్టు ఏడ్చింది. ఇన్నాళ్ళూ కుట్టిందంతా ఒక్క దారం లాగితే ఊడిపోయినట్టుందంది.

ఫిజియో ఆమె కింద కూర్చుని ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. "ఊడిన కుట్టు మళ్ళీ వెయ్యడం మీకు నేను నేర్పాలా?"

"నీ భుజం కుట్టు ఇంకా సరిచేయించుకోలేదు నువ్వు" అంది టైలరమ్మ ముక్కు తుడుచుకుంటూ. "విప్పి ఇవ్వు. నువ్వు కాఫీ తాగేలోపు వేసిస్తాను."

వేసి ఇచ్చింది. ఇచ్చాక తనే లేచి నిలబడింది.

మెట్ల వంతు వచ్చినప్పుడు అల్లుడు ప్రతి మలుపులోనూ ఒక స్టూలు వేశాడు. మొదటి రోజు పైనుంచి మొదటి మలుపు దాకా దిగి, కూర్చుని, ఎక్కింది. పది రోజులకు రెండో అంతస్తు. చెత్తబుట్ట ఇల్లాలు ఈసారి ఏమీ అడక్కుండా తలుపు తీసి ఉంచేది. నెల తిరిగేసరికి టైలరమ్మ వీధిలో నిలబడింది. ఎండ కళ్ళలో పడి, చెయ్యి అడ్డం పెట్టుకుని, వచ్చేపోయే వాళ్ళందర్నీ కొత్త ఊరికొచ్చినదానిలా చూసింది.

అక్క దగ్గరికి వెళ్ళిన రోజు సెలవు. చేతికర్ర పట్టుకుని టైలరమ్మ ముందు నడిచింది. పాతిక అడుగుల వెనక కూతురు, ఏదో పని మీద వెళ్తున్నట్టు, గోడల మీది ప్రకటనలు చదువుకుంటూ. ఎత్తు దగ్గర మూడుసార్లు ఆగింది. ఒకసారి ఒక ఇంటి అరుగు మీద కూర్చుంది. కూతురు దూరంగా ఉన్న దీపస్తంభానికి ఆనుకుని నిలబడింది తప్ప దగ్గరికి వెళ్ళలేదు. ఏడు నిమిషాల దారి, నలభై నిమిషాలు పట్టింది.

అక్క మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. చెల్లెల్ని చూసి లేవబోయింది, లేవలేక చేతులు చాచింది. ఆ చేతులు ఎంత సన్నబడ్డాయో టైలరమ్మకు టేపు అక్కర్లేకుండానే తెలిసింది. పక్కన కూర్చుని అక్క మెడలో మొహం దాచుకుంది.

"నడిచొచ్చావా?" అంది అక్క.

"నడిచే."

"కారా?"

"నడిచే వచ్చాను!" అని చెవిలో అరిచింది. "ఎలా వచ్చానో చూపిస్తా. అలా అంచుకు జరుగు. చేతులు ఛాతీ మీద పెట్టుకో. ముందుకు వంగి లే."

"ఇప్పుడా? ఇన్నాళ్ళకు వచ్చి డ్రిల్లు చేయిస్తావేంటే నాచేత?"

"నోరు మూసుకుని లే అక్కా."

అక్క లేవలేకపోయింది. రెండోసారీ లేవలేదు. ఉక్రోషంతో కళ్ళనీళ్ళు పెట్టుకుని, నువ్వు నన్ను చూడ్డానికొచ్చావా ఏడిపించడానికొచ్చావా అని తిట్టిపోసింది. టైలరమ్మ ఆ తిట్లన్నీ విని, మంచం మీద రెండు దిండ్లు ఒకదానిమీద ఒకటి వేసి ఎత్తు చేసి, వాటి మీద కూర్చోబెట్టి, మళ్ళీ లేవమంది. ఎత్తు మీదనుంచి అక్క లేచింది. ఒక్క క్షణం నిలబడి, చెల్లెలి భుజం పట్టుకుని, తనకంటే పొట్టిదైన చెల్లెల్ని పైనుంచి కిందికి చూసింది.

"నువ్వు ఇంత పొట్టిగా ఉండేదానివా?" అంది.

గుమ్మంలో నిలబడ్డ కూతురు నవ్వబోయి, నవ్వలేక, మొహం తిప్పుకుంది.

అక్క వీధిలోకి మాత్రం ఎప్పుడూ దిగలేకపోయింది. మంచం దగ్గరనుంచి బాల్కనీ దాకా నడిచేది, అక్కడ కుర్చీలో కూర్చుని వీధిని చూసేది. అదే ఆమెకు చాలనిపించింది. టైలరమ్మ వారానికి రెండుసార్లు ఎత్తెక్కి వెళ్ళి, చెవిలో అరుస్తూ, ఆమెను లేపి కూర్చోబెట్టేది.

కుట్టుషాపు పొద్దుటి పూట మాత్రం తెరుస్తోంది. ఇప్పుడు రోజుకు ఒకసారే దిగి, ఒకసారే ఎక్కుతుంది, రెయిలింగు పట్టుకుని, మలుపుల్లో కూర్చుని. అల్లుడు మోటారుతో సహా కిందికి తెచ్చి పాత స్టాండుకు బిగించిన మిషను తొక్కడం మొదట్లో పావుగంట కంటే సాగలేదు. మందపాటి గుడ్డలకు మోటారే వాడుతుంది. ముప్పై సెకన్లలో పది రాలేదు గానీ తొమ్మిది వచ్చాయి. ఫిజియో ఆమె చివరిసారి వచ్చినప్పుడు ఆ తొమ్మిదిని పుస్తకంలో రాసి కింద రెండు గీతలు గీసింది.

ఒక మధ్యాహ్నం కూతురు మందుల షాపు కౌంటరులో నిలబడి అద్దంలోంచి వీధిలోకి చూసింది. అవతలి అంచున అమ్మ. చేతిలో కర్ర లేదు. వాహనాలు ఆగడం కోసం చూస్తోంది. కూతురు కౌంటరు తలుపు తీయబోయింది. గడియ మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. మందుల చీటీ పట్టుకుని నిలబడ్డ మనిషి రెండుసార్లు పిలిచినా ఆమెకు వినపడలేదు. అమ్మ ఒక అడుగు వేసింది. ఆగింది. చెయ్యెత్తి ఒక స్కూటరు వాణ్ణి ఆపింది. మెల్లగా, ఎవరికోసమూ తొందరపడకుండా, వీధి దాటింది.

లోపలికొచ్చి కౌంటరు మీద మోచేతులు ఆనించి ఊపిరి పీల్చుకుంది.

"ఏంటే అలా బిగుసుకుపోయావు? ఆయన చీటీ పట్టుకుని నిలబడ్డాడు. ముందు ఆయన్ని చూడు. నాకు తొందరేం లేదు."

పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ చూపించింది కూతురు.

"వద్దులే" అంది టైలరమ్మ. "కాసేపు నిలబడతాను."